ఇంటి కంప్యూటరుకు కాపలా: యాంటీవైరస్‌ను ఎంచుకొనుట ఎట్లా?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది యీ సభలో మమ్మల్ని తాలీమ్ గురించి మాట్లాడమనేవారు. మేమూ అదే పాఠం తిప్పి తిప్పి చెప్పేవాళ్ళం. యీసారి కార్యదర్శిగారు కొత్త పని పెట్టారు. "మాస్టరు సాబ్, ఇంట్లో కంప్యూటరుకి ఏ యాంటీవైరస్ వేసుకోవాలో నలుగురికీ అర్థమయ్యేటట్టు చెప్పండి. పిల్లల స్కాలర్‌షిప్పు కాగితాలు పోయాయని యీ ఏడాది ముగ్గురు మన ఆఫీసుకొచ్చి ఏడ్చారు" అన్నారు. మేము కంప్యూటరు ఇంజనీరులం కాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకొనే ఉపాధ్యాయులం. కాని దెబ్బ తిన్నవాడికి వైద్యం కొంత తెలుస్తుందంటారు. ఆ అర్హతతోనే నిలబడినాము.

ముందు ఆ దెబ్బ ఏమిటో చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తాము.

2018లో మా ఇంట్లో వొక పాత డెస్కుటాప్ వుండేది. దానిలో మన సంఘం స్కాలర్‌షిప్పు పిల్లల జాబితాలు, మా బడి ప్రశ్నపత్రాలు, ఇంటి ఫొటోలు వున్నాయి. వాటితోపాటు మా అబ్బా గొంతు వుంది. ఆయన ఆఖరి రోజుల్లో మంచంమీద కూర్చుని, మా దాదా ఇల్లెందు బొగ్గుబాయికి ఎట్లా వచ్చారో, ఆ రోజుల్లో జీతమెంతో, అడవిదారిన ఎడ్లబండి మీద పెళ్ళికి ఎట్లా పోయారో చెబుతూవుంటే, మేము ఫోనులో రికార్డు చేసి కంప్యూటరులో దాచాము. అబ్బా పోయాక అమ్మీ జుమా రోజుల్లో అది పెట్టించుకొని వినేది.

వొకనాడు దరఖాస్తు ఫారాల ప్రింటు కోసం పెన్‌డ్రైవు పట్టుకొని వొక జిరాక్సు కొట్టుకి పోయినాము. పని చేసుకొని ఇంటికొచ్చి దానిని మా కంప్యూటరుకు పెట్టాము. ఫోల్డర్లన్నీ వున్నట్టే వున్నాయి గాని, ప్రతి బొమ్మకూ మూలన చిన్న బాణం గుర్తు. నొక్కితే ఏదో నల్లతెర మెరిసి మాయమయ్యేది. మర్నాటికి కంప్యూటరులోని ఫోల్డర్లు కూడా కనబడటం మానినాయి. కంగారుపడి వొక రిపేరు కుర్రవాడిని పిలిస్తే, "వైరస్ పట్టింది సార్, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడు. మేము సరే అన్నాము. 500 రూపాయలు ఇచ్చాము. కంప్యూటరు కొత్తదానిలాగా వచ్చింది. కొత్తదానిలాగే ఖాళీగా వచ్చింది.

తర్వాత వేసవి సెలవుల్లో చదివితే తెలిసింది. ఆ జాతి వైరస్ ఫైళ్ళను చెరపదు. వాటికి పర్దా వేసి, వాటి పేరుతో దొంగ షార్ట్‌కట్‌లు ముందు నిలబెడుతుంది. 'ఆట్రిబ్' అనే వొక్క ఆజ్ఞ టైపు చేస్తే పర్దా తొలగి అన్నీ తిరిగి కనబడేవి. అంటే అబ్బా గొంతును వైరస్ తీయలేదు, మా తొందరపాటు తీసింది. అమ్మీ వొక్క మాటే అడిగింది: "దానికి ఇంకో నకలు పెట్టుకోలేదా బేటా?" దానికి మా దగ్గర జవాబు లేకపోయింది. ఇవ్వాళ చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇచ్చుకొంటున్న జవాబే.

ఇక యీ వైరస్ కథ ఎక్కడ మొదలైందో రెండు మాటల్లో చెబుతాము. ఇళ్ళలో వాడే ఐ.బి.ఎం. తరహా కంప్యూటర్లకు వచ్చిన మొట్టమొదటి వైరస్ 1986లో పుట్టింది. పేరు 'బ్రెయిన్'. పుట్టినవూరు లాహోరు. రాసినవారు బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే ఇద్దరు అన్నదమ్ములు. తాము తయారుచేసిన వైద్య సాఫ్ట్‌వేరును జనం డబ్బివ్వకుండా నకళ్ళు తీసుకొంటున్నారని, అది ఆపడానికి రాశామని వారు చెప్పుకొన్నారు. అందులో తమ కొట్టు అడ్రసు, ఫోను నెంబర్లు కూడా పెట్టారు. ఫ్లాపీ నుండి ఫ్లాపీకి పాకి అది దేశదేశాలు తిరిగింది. దొంగ నకలును ఆపబోయి పుట్టినది మరో పెద్ద బలాయి అయింది. యీ దొంగ నకలు మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాము.

అదే 1986 ఆగస్టులో మన భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. మనలో పెద్దలు చూసినవారే. మేము అప్పటికి పిల్లలం. గోదావరికి భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 2022 జూలైలో నీరు 71.3 అడుగులకు చేరితే ఆ హెచ్చరికల పుణ్యాన జనం ముందే కదిలారు. కరకట్ట వుంది, హెచ్చరిక వుంది, ఎత్తయిన చోటు వుంది. మూడూ వుంటేనే ప్రాణం నిలుస్తుంది. కరకట్ట ఎంత గట్టిగా వున్నా తూము తలుపు తెరిచి పెడితే నీళ్ళు వీధిలోకి వస్తాయి. కంప్యూటరు సంగతీ అంతే. యాంటీవైరస్ అనేది కరకట్ట. తూము తలుపులు మూసుకోవలసింది మనం. ఎత్తయిన చోటు అంటే నకలు. దాని సంగతి చివర చెబుతాము.

తూములు ఏవి?

మన ప్రాంతంలో మొదటి తూము పెన్‌డ్రైవు. జిరాక్సు కొట్టులో రోజుకు ఎందరి పెన్‌డ్రైవులో వొకే కంప్యూటరుకు తగిలిస్తారు. అది ఊరందరూ వొకే గ్లాసుతో నీళ్ళు తాగినట్టు. వెనుక పెన్‌డ్రైవు పెట్టగానే దానంతటదే వైరస్ లేచేది. 2011లో మైక్రోసాఫ్ట్ వారు పాత విండోస్‌లకు కూడా ఆ దారి మూసివేశారు. అప్పుడు దొంగ కొత్త ఎత్తు వేశాడు. మనచేతనే నొక్కించటం. బాణం గుర్తు షార్ట్‌కట్ ఎత్తు అదే.

రెండవ తూము దొంగ సాఫ్ట్‌వేరు. యిక్కడ మేము సిగ్గుపడి వొప్పుకోవాలి. ఉర్దూ టైపు చేసేవారికి ఇన్‌పేజ్ లేనిదే పొద్దుపోదు. తెలుగు డి.టి.పి. చేసేవారికి అను ఫాంట్లు అట్లాగే. మేము ఏళ్ళ తరబడి ఇన్‌పేజ్ క్రాక్ కాపీయే వాడాము. క్రాక్ వేసేటప్పుడు "యాంటీవైరస్ ఆపండి" అని వాడే చెబుతాడు. మనం బుద్ధిమంతులలాగా ఆపుతాము. దొంగ వచ్చి కాపలావాడిని పంపించేయమంటే పంపించి తలుపు తీసినట్టు! పోనీ అసలు కాపీ వున్నా ఏమరుపాటు పనికిరాదు. 2016 నవంబరులో కాస్పర్‌స్కీ అనే రష్యా భద్రతా సంస్థ వొక విషయం బయటపెట్టింది. ఇన్‌పేజ్ ఫైలు తెరిస్తే చాలు, ఆ ప్రోగ్రాములోని లోపం గుండా లోపలికి దూరే ఎత్తుతో ఆసియా, ఆఫ్రికాలలోని కొన్ని బ్యాంకులపై దాడి జరిగిందట. అంటే ఉర్దూ కాగితం రూపంలో కూడా విషం రావచ్చును. అందుచేత ఎవరో పంపిన ఇన్‌పేజ్ ఫైలు గదా అని నిర్భయంగా తెరవకండి.

ఇంకొక మాట. యీనాడు ఉర్దూ, తెలుగు రెండూ యూనికోడ్‌లో విండోస్‌తోపాటే వస్తున్నాయి. నస్తాలీఖ్ అక్షరానికి ఉచిత ఫాంట్లు వున్నాయి. లిబ్రె ఆఫీస్ ఉచితమే, ధర్మబద్ధమే. ప్రశ్నపత్రం రాసుకోవడానికి దొంగ సరుకు అవసరం లేదు. ఎదుటివాడి కష్టం ఉచితంగా వాడుకోవటం హలాలా కాదా అన్నది ఇమామ్ సాహెబుగారు చెప్పవలసిన మాట. లెక్కల మాస్టరుగా మేము చెప్పేది, లెక్క కూడా నష్టానికే తేలుతుందని.

మూడవ తూము ఫోను, వాట్సాప్. శాదీ కార్డు పేరుతో ఏ.పి.కె. ఫైలు పంపి, అది తెరిచినవారి ఫోనును గుప్పిట్లో పెట్టుకొనే మోసం గురించి 2024లో పోలీసులే హెచ్చరికలు చేశారు. మన బిరాదరీలో పెళ్ళి పిలుపు రాని వారముండదు. కార్డు అయితే బొమ్మగానో, వీడియోగానో వస్తుంది. "ఇన్‌స్టాల్ చేయి" అని అడిగే శాదీ కార్డు ప్రపంచంలో లేదు.

నాల్గవది, కంప్యూటరు తెరమీద "మీకు వైరస్ పట్టింది, వెంటనే యీ నెంబరుకు ఫోను చేయండి" అని ఎర్రగా అరిచే పేజీ. అది యాంటీవైరస్ కాదు, యాంటీవైరస్ వేషం. నిజమైన కాపలాదారు ఫోను నెంబరు ఇచ్చి డబ్బు అడగడు. ఆ పేజీ మూసేయండి, మూయకపోతే కంప్యూటరే ఆపివేయండి.

ఎంచుకొనుట ఎట్లా?

మా భాంజా బి.టెక్. చదువుతున్నాడు. "మామూ, యూట్యూబులో టాప్ టెన్ చూసి మొదటిది వేసుకోవచ్చు గదా" అన్నాడు. ఆ టాప్ టెన్ వారిలో చాలామందికి అమ్మకం మీద కమీషను వస్తుంది. పెళ్ళిళ్ళ పేరయ్య పిల్లవాడిని పొగిడినట్టు వుంటుంది అది. మేము వేరే దారి పట్టి, ఏడు ప్రశ్నలు రాసుకొని, మా ఇంట్లోని వొక పాత కంప్యూటరు మీద సెలవుల్లో నాలుగు రకాలు వొకదాని తర్వాత వొకటి వేసి చూశాము. వొకేసారి రెండు వేయలేదు. రెండు యాంటీవైరస్‌లు వొక ఇంట్లో ఇద్దరు కొత్వాలులు. వొకరినొకరు దొంగ అనుకొని కొట్టుకుంటారు, కంప్యూటరు నిలిచిపోతుంది.

మొదటి ప్రశ్న: పట్టే శక్తి ఎంత? ఇది ఇంట్లో పరీక్షించే విషయం కాదు. నిజమైన వైరస్‌లు తెచ్చి ఆడకూడదు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏ.వి.-టెస్ట్ అనే సంస్థ, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏ.వి.-కంపారెటివ్స్ అనే సంస్థ యీ పరీక్షలు చేసి ఫలితాలు ఉచితంగా ప్రకటిస్తాయి. ఏ.వి.-టెస్ట్ వారు మన బడి మార్కుల మాదిరే ఇస్తారు. రక్షణకు 6, వేగానికి 6, తప్పుడు కేకలు వేయకుండా వుండటానికి 6, మొత్తం 18. వొక్క పరీక్ష చూసి తీర్పు చెప్పకూడదు. పిల్లవాడి మూడు టర్ములూ చూసినట్టు ఏడాది ఫలితాలు చూడాలి.

ఇంట్లో చేయదగ్గ పరీక్ష వొకటుంది. 'ఐకార్' పరీక్ష ఫైలు అంటారు. 68 అక్షరాల వరుస. ఏ హానీ లేదు. యాంటీవైరస్ తయారీదారులందరూ దానిని చూస్తే వైరస్‌ను చూసినట్టు అరవాలని వొప్పుకొని పెట్టుకొన్న గుర్తు అది. దానిని సేవ్ చేయబోతే మన కాపలాదారు అరవాలి. అరవకపోతే నిద్రపోతున్నాడని అర్థం. అరిస్తే బలవంతుడని కాదు, మేలుకొని వున్నాడని మాత్రమే.

రెండవ ప్రశ్న: మన బండి మోయగలదా? మా పాత కంప్యూటరుకు ర్యాము 4 జి.బి., పాతకాలం హార్డ్‌డిస్కు. గోడగడియారం చూసి, స్విచ్చి వేసిన క్షణం నుండి మార్కుల ఫైలు తెరిచేదాకా లెక్కపెట్టాము. విండోస్‌తో వచ్చినదే వున్నప్పుడు రెండు నిమిషాల లోపు. డబ్బు పెట్టి కొన్న వొకదానితో నాలుగు నిమిషాలు. ఆ రెండవది చెడ్డదని కాదు, మా బండికి బరువెక్కువ. ఎడ్లు ముసలివైతే బస్తాలు తగ్గించుకోవాలి గదా!

మూడవ ప్రశ్న: వూరికే అరుస్తుందా? మేము వేసిన వొకటి, మార్కులు కూడటానికి మేము స్వయంగా రాసుకొన్న ఎక్సెల్ మాక్రోను వైరస్ అని పట్టుకొని ఖైదులో వేసింది. అట్లాంటి కాపలాదారు మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయిననాడు నిజమైన అరుపును కూడా మనం నొక్కి మూసేస్తాము. అదీ ప్రమాదం.

నాల్గవ ప్రశ్న: నెట్ లేకపోతే ఏమి చేస్తుంది? సోదరులారా, మన ప్రాంతానికి యిది అన్నిటికన్నా ముఖ్యం. హైదరాబాదులో కూర్చొని రాసేవారు యిది రాయరు. యీనాటి యాంటీవైరస్‌లు చాలావరకు అనుమానం వచ్చిన ఫైలు సంగతిని నెట్ ద్వారా తమ కేంద్రాన్ని అడిగి నిర్ణయిస్తాయి. విండోస్ వారి డిఫెండర్ యీ పద్ధతిమీద మరీ ఆధారపడుతుంది. నెట్ వున్నప్పుడు అది మంచి మార్కులు తెచ్చుకొంటుంది. ఏ.వి.-టెస్ట్‌లో ఇటీవలి ఏళ్ళలో 6కి 6 తెచ్చుకొన్న సందర్భాలు చాలా వున్నాయి. కాని నెట్ తీసివేసి పరీక్షిస్తే పట్టే శాతం తగ్గుతుందని ఏ.వి.-కంపారెటివ్స్ ఫలితాలే చూపిస్తాయి. అడవి అంచున సిగ్నల్ నిలవని ఊళ్ళలో ఫైళ్ళు తిరిగేది పెన్‌డ్రైవు మీదనే. అంటే ప్రమాదం ఎక్కువ వున్నచోటే కాపలా బలహీనం.

దీనికి ఉపాయం వుంది. డిఫెండర్‌కు, క్విక్ హీల్ వంటివాటికి తాజా జాబితాను వొక ఫైలుగా దిగుమతి చేసుకొని, పెన్‌డ్రైవుమీద పట్టుకుపోయి, నెట్ లేని కంప్యూటరుకు ఎక్కించే వీలున్నది. ఫైలు పెద్దదే, వంద ఎం.బి. దాటుతుంది. అయినా వారానికొకసారి ఖమ్మంనుండో కొత్తగూడెంనుండో వచ్చేవారు తేగలిగినదే.

అయిదవ ప్రశ్న: ఖర్చు ఎంత, ఎన్నేళ్ళకు? మొదటి ఏడు ధర చూసి మురిసిపోకండి. రెండో ఏడు రెన్యూవల్ ధర అడగండి. ఎన్ని కంప్యూటర్లకు, ఫోనుకూ వర్తిస్తుందా అడగండి. కార్డు నెంబరు ఇస్తే దానంతటదే ఏటేటా డబ్బు లాగే ఏర్పాటు వుందేమో చూడండి. కొత్త లాప్‌టాప్‌తో వచ్చే నెలరోజుల ట్రయల్ సంగతి మరీ జాగ్రత్త. గడువు తీరినా బొమ్మ అక్కడే వుంటుంది, పిల్లలు వుందిలే అనుకొంటారు. లైసెన్సు అయిపోయిన కాపలాదారు బొమ్మ పొలంలో దిష్టిబొమ్మ వంటిది. పక్షులకు త్వరలోనే తెలిసిపోతుంది. కొనదలచుకొంటే కొనండి, లేకుంటే దానిని పూర్తిగా తీసివేయండి. తీసివేశాక డిఫెండర్ లేచిందో లేదో 'విండోస్ సెక్యూరిటీ'లో చూసుకోండి.

ఆరవ ప్రశ్న: ఉచితమైతే దాని కడుపు ఎట్లా నిండుతున్నది? ప్రపంచమంతా వాడిన ఉచిత యాంటీవైరస్ అవాస్ట్. వాడేవారు నెట్‌లో ఏమేమి చూస్తున్నారో ఆ వివరాలు సేకరించి, తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్మిందని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చి, ఒక కోటీ 65 లక్షల డాలర్లు కట్టాలన్నది. ఆ అనుబంధ కంపెనీని 2020లోనే మూసివేశారు. అయినా పాఠం పాఠమే. కాపలాకు పెట్టుకొన్నవాడే ఇంటి గుట్టు బజారులో అమ్మితే ఏం చేస్తాము? ఉచితమైనదంతా చెడ్డదని మేమనము. అడిగి చూసుకొమ్మంటాము. మేము పరీక్షించిన వొక ఉచిత రకం, కొనండి కొనండి అని వొక్క జుమా రోజునే తొమ్మిదిసార్లు తెరమీదకొచ్చింది. లెక్కపెట్టింది మా అమ్మాయి.

ఏడవ ప్రశ్న: ఇబ్బంది వస్తే మన భాషలో ఎవరైనా పలుకుతారా, మన దేశంలో ఎవరైనా వున్నారా? వున్నారు. క్విక్ హీల్ పుణెది. స్థాపించిన కైలాష్ కట్కర్ గారు కాలిక్యులేటర్ల రిపేరు పనితో బతుకు ప్రారంభించినవారు. తమ్ముడు సంజయ్ గారు సాఫ్ట్‌వేరు రాశారు. 1990లలో చిన్న కొట్టులో మొదలైనది 2016లో స్టాకు మార్కెట్టుకెక్కింది. కె7 చెన్నైది, 1991 నాటిది. ఇక మన హైదరాబాదులోని సి-డాక్ వారు పెన్‌డ్రైవుల అదుపుకు 'యు.ఎస్.బి. ప్రతిరోధ్', ఫోన్లకు 'ఎం-కవచ్' తయారుచేస్తే, 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రంతోపాటు వాటిని విడుదల చేసింది. ఆ కేంద్రం ద్వారా వైరస్ తుడిచే ఉచిత పనిముట్లు కూడా ఇచ్చారు. మన పిల్లలు యిది వినాలి. రిపేరు కొట్టు నుండి అంత దూరం పోయినవారున్నారు. మన బస్తీల్లోనూ సెల్‌ఫోను రిపేరు కొట్లకు కొదవలేదు.

అయితే తీర్పు ఏమిటి?

"మాస్టరు సాబ్, ఇంత చెప్పారు, వొక పేరు చెప్పండి" అంటారు. పేరు కన్నా ఇంటి పరిస్థితిని బట్టి చెప్పటం న్యాయం.

పట్నంలో వుండి, నెట్ బాగా వుండి, విండోస్ అసలుదై, అప్‌డేట్లు సరిగా వేసుకొంటూ, క్రాక్‌ల జోలికి పోని ఇంటికి డిఫెండర్ చాలును. పైసా ఖర్చు లేదు. అందులో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనే వొక తాళం మూసివుండకుండా వస్తుంది. ముఖ్యమైన ఫోల్డర్ల మీద అది వేసుకొంటే, ఫైళ్ళను బందీచేసి డబ్బడిగే రకం వైరస్‌కు పని కష్టమవుతుంది.

నెట్ నిలవని ఊళ్ళో వుండి, రోజూ బయటి పెన్‌డ్రైవులు పెట్టవలసిన ఇంటికి, లేదా జిరాక్సు, డి.టి.పి. కొట్టు నడిపే సోదరులకు, నెట్ లేకుండా కూడా బాగా పడుతుందని పరీక్షల్లో తేలినది, ఫైలుమీద అప్‌డేట్ తీసుకొనేది కొనుక్కోవటం మంచిది. కొట్టువారు యిది ఖర్చు అనుకోవద్దు. అమానత్ అనుకోవాలి. పదిమంది పెన్‌డ్రైవులు మీ చేతిలో పెడుతున్నారు.

ఇక విండోస్ 7 ఇంకా వాడుతున్న ఇళ్ళున్నాయి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకొన్న ఇళ్ళవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. మద్దతు ఆగిన విండోస్‌కు ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా, తలుపుల్లేని ఇంటికి కాపలా పెట్టినట్టే. అట్లాంటి పాత యంత్రాలకు ఉబుంటు, మింట్ వంటి ఉచిత లినక్స్ వేసుకొని చదువుకూ టైపుకూ వాడుకోవచ్చును.

అప్‌డేట్ ఎంత ముఖ్యమో 2017 చూపించింది. ఆ ఏడాది మే 12న వానాక్రై అనే బందిపోటు వైరస్ లోకమంతా పాకింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికి కూడా తగిలింది. విచారమేమంటే, ఆ లోపాన్ని మూసే అప్‌డేట్‌ను మార్చి 14నే మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. రెండు నెలల ముందు మందు ఇచ్చినా వేసుకోనివారే పడ్డారు. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు అట్లాంటి బందిపోటు వైరస్‌తోనే నిలిచిపోయాయి. అంతంత పెద్ద సంస్థలకే తప్పలేదు.

కాపలాదారు కూడా తప్పు చేయగలడు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన వొక తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. అందుకని యాంటీవైరస్‌ను తావీజులాగా కట్టుకొని మరిచిపోవద్దంటున్నాము.

ఆఖరి మాట: నకలు

ఒంటెను కట్టివేసి ఆపైన తవక్కుల్ చేయాలన్న మాట మనమందరం చిన్నప్పటినుండి విన్నదే. యాంటీవైరస్ ఆ తాడు. తాడు కూడా తెగవచ్చు. అప్పుడేమిటి?

మన ఖుర్ఆన్ షరీఫ్ వంక చూడండి. అది కాగితం మీద వుంది, ఎందరెందరో హాఫిజుల గుండెల్లో వుంది. వొకచోట పుస్తకం తడిసినా, కాలినా అక్షరం పోదు. ఎందుకంటే ఇంకెన్నో చోట్ల అదే అక్షరం భద్రంగా వుంది. మనం మన చిన్న చిన్న అమానత్‌లకు ఆ పద్ధతినే ఎందుకు పాటించము? ముఖ్యమైన ఫైలుకు మూడు నకళ్ళు వుండాలి. వొకటి కంప్యూటరులో. రెండవది వేరే హార్డ్‌డిస్కులో, కాని అది ఎప్పుడూ తగిలించి వుంచకూడదు, పని కాగానే తీసి బీరువాలో పెట్టాలి. తగిలించి వుంటే బందిపోటు దానినీ బంధిస్తాడు. మూడవది ఇంటికి బయట, గూగుల్ డ్రైవు వంటి చోటనో, వేరే ఊళ్ళో వున్న అక్క ఇంట్లోనో. గోదావరి వరద చూసినవారికి ఇంటికి బయట ఎందుకో మేము విడమరచి చెప్పనక్కరలేదు.

వైరస్ పట్టిందని తోచినప్పుడు ముందు నెట్ తీసేయండి, పెన్‌డ్రైవు పీకేయండి. ఎవరు ఫార్మాట్ అన్నా వెంటనే సరే అనకండి. "నా ఫైళ్ళు ముందు వేరేచోటికి తీసిపెట్టు, ఆ తర్వాతే ఫార్మాట్" అని గట్టిగా చెప్పండి. వొక్క రోజు ఆగితే పోయేదేమీ లేదు. డబ్బు పోయిన యెడల ఆలస్యం చేయక 1930 నెంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకొంటే డబ్బు వెనక్కు వచ్చే దారి మూసుకుపోతుంది.

సంఘానికి మేము వొక మనవి చేస్తున్నాము. మన ఆఫీసులో వొక కంప్యూటరును పెన్‌డ్రైవుల పరీక్షకే కేటాయించండి. ఆదివారం అసర్ తర్వాత వొక గంట, కాలేజీ పిల్లలు ఇద్దరు కూర్చొని, వచ్చినవారి పెన్‌డ్రైవులు చూసి, తాజా అప్‌డేట్ ఫైలు ఎక్కించి పంపితే, చర్ల దాకా పోయే సోదరుడు తనతోపాటు తన వీధికంతా రక్షణ పట్టుకుపోతాడు. స్కాలర్‌షిప్పు జాబితా వొక నకలు ఎప్పుడూ బీరువాలో వుండాలి. ఖర్చుకు మా వంతుగా వొక హార్డ్‌డిస్కు యీ సభలోనే అందజేస్తున్నాము. దానిమీద మా అబ్బా పేరు రాశాము. ఆయన గొంతు పోయింది. ఆ పేరుమీద నలుగురి పిల్లల కాగితాలైనా నిలిస్తే అదే మాకు తృప్తి.

మా అమ్మీ ఇప్పుడు తనకు గుర్తున్నవి చెబుతున్నది. మా అమ్మాయి రికార్డు చేస్తున్నది. మూడు చోట్ల పెడుతున్నది. ఇవాళ ఇంటికి పోగానే మీరు కూడా పెద్దవాళ్ళ ఫొటోలు, గొంతులు ఎక్కడున్నాయో వొకసారి చూసుకోండి. వొకే చోట వుంటే యీ రాత్రే రెండో చోటికి చేర్చండి.

  అల్లా మన ఇళ్ళను, మన పిల్లల చదువులను, మన అమానత్‌లను కాపాడుగాక. ఆమీన్. వస్సలాం.